అమ్మమ్మ గుంటల్లో పోయిన చెంచాలు

అమ్మమ్మ ఇల్లు కొన్నాయన పోయిన నెల ఫోన్ చేశాడు. ఇల్లు అమ్మాక ఆయన దగ్గర్నుంచి ఫోన్ రావడం అదే మొదలు. కాగితాల్లో ఏదో తేడా వచ్చిందేమోనని నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

"పెరట్లో నీళ్ల పైపు కోసం తవ్విస్తున్నామండీ. మీవే అనుకుంటా, చెంచాలు దొరుకుతున్నాయి."

"ఎన్ని?" అన్నాను.

"ఇప్పటికి ఐదు. ఒక చాకు కూడా ఉంది. చాకు అని ఎవరైనా చెబితే గానీ తెలియదు లెండి."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన కంగారుపడి, ఏమన్నా తప్పు మాట్లాడానా అన్నాడు. లేదండీ, ఆ ఐదే కాదు, ఇంకా ఉంటాయి, జాగ్రత్తగా తవ్వించండి అని చెప్పాను.

ఆదివారం ఇటు వస్తూ ఆయనే తెచ్చి ఇచ్చి వెళ్లాడు. ఒక పాలిథిన్ కవరు, పైన ముడి. కడగలేదు, మట్టితోనే పెట్టాడు. ముడి విప్పేసరికి గుప్పుమంది వాసన. తొలి చినుకు పడ్డప్పుడు వచ్చే వాసనే, కాకపోతే ఇంకా చిక్కగా, ఇంకా దగ్గరగా. ఆ వాసనకి జియోస్మిన్ అని పేరుంది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. 1965లో దాన్ని విడిగా పట్టుకుని పేరు పెట్టారు. లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా చాలు, మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకున్నది. ఆ కవరు విప్పినప్పుడు నాకు తట్టింది ఇదేమీ కాదు. వంటింటి గుమ్మంలోంచి ఒక కేక వినపడినట్టయింది.

"కత్తులు లెక్కపెట్టారా?"

*

ఆ వంటింటి గుమ్మం పక్కన ఒక చిల్లు బక్కెట్టు ఉండేది. అడుగున చిల్లు పడ్డాక నీళ్లకి పనికిరాదని దాన్ని ఈ ఉద్యోగంలో వేశారు. పొద్దున్నుంచి వంటింట్లో మిగిలిన చెక్కులు, తొడిమలు, ముచ్చికలు, ఉల్లిపొట్టు, వాడేసిన టీ పొడి, గుడ్డు పెంకులు, అరటి తొక్కలు అన్నీ అందులోకే. చిల్లులోంచి కారే నీళ్ల కోసం కింద ఒక రేకు పళ్లెం. ఆ పళ్లెంలో నీళ్లు పారబోయడం నా పని. ఆ పనంటే నాకు అసహ్యం.

సాయంత్రం ఎండ గోడ దిగగానే, ఆ చెత్తని పెరట్లో పూడ్చి ఎరువు చెయ్యడానికి అమ్మమ్మ గునపం తీసేది. మేము ఎక్కడ ఆడుకుంటున్నా ఆ చప్పుడు వినపడేది. మెత్తటి మట్టిలో దిగితే దబ్‌మని, రాయి తగిలితే ఠంగుమని. ఠంగుమంటే ఆవిడ ఆ రాయిని ఒక మాట అని, వంగి తీసి, గోడ వారకి విసిరేది. ఆ తర్వాత పార. లోతుకి కొలత ఆవిడ చెయ్యే. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగాలి, అంతకంటే వద్దు. ఈ మధ్య టేపు పెట్టి చూసుకున్నాను, నా మోచేతికి 40 సెంటీమీటర్లు వచ్చింది. పుస్తకాల్లో 30 సెంటీమీటర్లు అని ఉంటుంది. అమ్మమ్మ నాకంటే బాగా పొట్టి, కాబట్టి లెక్క సరిపోయినట్టే.

బక్కెట్టు గుంటలో బోర్లించాక అసలు పని మొదలయ్యేది. పార అంచుతో ఆ తొక్కల్ని నిలువునా నరికేది, చక్ చక్ చక్ అని, గుంటలోనే. అరటి తొక్క ఒక్కటి నాలుగైదు ముక్కలయ్యేదాకా వదిలేది కాదు. ఎందుకమ్మమ్మా, ఎలాగూ కుళ్లేదే కదా అంటే, "ముక్క చిన్నదైతే ఎక్కువ నోళ్లు పడతాయే" అనేది. నరికింది నాలుగు వేళ్ల మందం దాటకుండా పరిచి, రెండు గుప్పిళ్ల మట్టి జల్లి, గునపం మొనతో కలిపేది. పిండిలో నీళ్లు పోసి కలిపినట్టే, అంత శ్రద్ధగా. ఆ తర్వాత మిగిలిన మట్టంతా పైకి లాగి, పార వెనక్కి తిప్పి దబ్ దబ్‌మని కొట్టేది. తొక్కకీ గాలికీ మధ్య కనీసం జానెడు మట్టి ఉండాలి. లేకపోతే ఈగలొస్తాయి, ఎలుకలొస్తాయి.

ఆఖర్న ఆ చోట ఒక గొడుగు ఊచ గుచ్చేది. పాత గొడుగుది, వంకర పోయింది. రేపటి గుంట ఆ ఊచకి ఒక అడుగు అవతల. అలా గోడ వెంబడి జరుగుతూ, మూల తిరిగి, బీరపాదు పక్కనుంచి మళ్లీ మొదటి చోటికి వచ్చేసరికి రెండు నెలలు దాటేది. అప్పుడు అక్కడ తవ్వితే తొక్కల ఆనవాలు ఉండేది కాదు. నల్లటి మట్టి, అందులో అక్కడక్కడా గుడ్డు పెంకుల తెల్లటి చుక్కలు. పెంకులు మాత్రం ఓ పట్టాన కరగవు. చల్లటి రోజుల్లో రెండు నెలలు చాలేవి కావు, పారకి సగం చివికిన ముక్కలు తగిలేవి. "ఇంకా నిద్ర లేవలేదు" అని మళ్లీ కప్పేసి ఒక అడుగు ముందుకి జరిగేది.

కుప్ప వేసి ఎరువు చేసేవాళ్లు దాన్ని తిరగేస్తారు, తడి చూస్తారు, లోపల వేడి పుట్టిందా అని చూస్తారు. అది పెద్ద పని, దాని గొప్ప దానిది. అమ్మమ్మ పద్ధతిలో వేడీ లేదు, తిరగెయ్యడమూ లేదు. పూడ్చి మర్చిపోవడమే. ఇంత బద్ధకస్తుల పద్ధతి ఇంకోటి లేదని నా అభిప్రాయం, రోజూ తవ్వే ఆ పదినిమిషాలు పక్కన పెడితే.

*

మరి చెంచాలెందుకు పోయేవి?

కూరలు తరగడం వెనక వరండాలో. పాత పేపరు పరిచి అమ్మ, పిన్ని, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కూర్చునేవాళ్లు. తరగడం అయ్యాక పేపరు నాలుగు మూలలూ కలిపి ఎత్తి, ఉండచుట్టి బక్కెట్టులో పడేసేవాళ్లు. కబుర్లు రంజుగా ఉన్న రోజున కత్తీ ఆ ఉండలోనే వెళ్లిపోయేది. చెంచాలు టీ పొడితో వెళ్లేవి, గిన్నె అడుగు గీకి దులుపుతుంటే వెళ్లేవి. గుంటలో నరికేటప్పుడు పార అంచుకి తగిలితే దొరికినట్టు, తగలకపోతే పోయినట్టు. అందుకే రాత్రి అందరూ పడుకునే ముందు ఆ కేక. లెక్క తక్కువైతే మామయ్య లాంతరు పట్టుకుంటే అమ్మమ్మ ఊచ దగ్గర మళ్లీ తవ్వేది. ఒక్కోసారి ఓపిక లేక, "పోనీ, రెండు నెలల్లో అదే వస్తుంది" అనేది. కొన్ని వచ్చాయి. తాతయ్య ఆ పెరటికి లాకరు అని పేరు పెట్టాడు. వెయ్యడమే తప్ప తియ్యడం రాని లాకరు అనేవాడు.

*

కొత్తగా కప్పిన గుంట పైన మట్టి గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. వారం తిరిగేసరికి చదునవుతుంది, ఇంకో వారానికి పల్లంగా దిగిపోతుంది. కూర చెక్కుల్లో చాలావాటికి నూటికి 80 వంతుల పైన నీళ్లే మరి, ఆ నీళ్లు మట్టి తాగేశాక మిగిలేది ఎంతని? దిగిపోయిన పల్లం మీద ఎవరూ కాలు పెట్టకూడదని మాకు గట్టి ఆజ్ఞ. తమ్ముడు ఒకసారి బంతి కోసం పరిగెత్తి చీలమండ దాకా దిగబడ్డాడు. కాలు పైకి లాగితే వేళ్ల సందుల్లో నల్లటి మెత్తటి ముద్ద, దాని మధ్య ఒక వానపాము మెలికలు తిరుగుతోంది. వాడి ఏడుపుకి పక్కింటివాళ్లు గోడ మీదికి వచ్చారు. అమ్మమ్మ వాడి కాలు చూడలేదు, గుంట వైపే చూసింది. "తొక్కేశావురా, గాలి ఎలా ఆడుతుంది?" అంది. ఆ మాట వాడు ఇప్పటికీ మర్చిపోలేదు, వాడి పెళ్లాం దగ్గర కూడా చెప్పుకుంటాడు.

ఆ గాలి సంగతి మామయ్య ఒకసారి బాగా తెలుసుకున్నాడు. సెలవులకి వచ్చి, రోజూ ఈ తవ్వుడేమిటి, ఒకేసారి పెద్ద గొయ్యి తీసేస్తే ఏడాది చూసుకోనక్కర్లేదని నడుం లోతు గొయ్యి తవ్వాడు. మూడు రోజులు అందరం చుట్టూ నిలబడి మెచ్చుకున్నాం. నాలుగో రోజు వాన పడి సగం నిండింది. వారం పోయేసరికి కుళ్లిన కోడిగుడ్ల కంపు. వెనక కిటికీలు మూసుకుని కూర్చున్నాం. చివికించే జీవాలు ఎక్కువగా పైపైన గాలి ఆడే మట్టిలోనే ఉంటాయి. నీళ్లు నిలిచి గాలి అందకపోతే వేరే రకం సూక్ష్మజీవులు పని అందుకుంటాయి, వాటి పని ఫలితమే ఆ కంపు. ఊళ్ల చివర చెత్తగుట్టల అడుగున జరిగేదీ గాలి లేని కుళ్లుడే. అక్కడ పుట్టే మీథేన్ వందేళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకి పైగా వేడిని పట్టి ఉంచుతుంది. మామయ్యకి అప్పట్లో ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా ఆ గొయ్యి పూడ్చడం తవ్వడంకంటే కష్టమని. అమ్మమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందట.

నా వంతు కూడా వచ్చింది. పదేళ్లకో పదకొండుకో నాకు గుంట పని అప్పజెప్పారు. చెత్త అంతా చెత్తే కదా అని పళ్లేల్లో మిగిలిన ఎముకలు, నూనె ఓడుతున్న ముక్కలు కూడా వేసి కప్పాను. పొద్దున్న లేచి చూస్తే పెరడు యుద్ధభూమి. కుక్కలు నా గుంట ఒక్కటే కాదు, అటు రెండూ ఇటు రెండూ తవ్విపోశాయి. కొత్తగా నాటిన నారు నేలమట్టం. మాంసం, పాలు, నూనె వెయ్యకూడదని ఆ రోజు కంఠతా పట్టాను. అమ్మమ్మ నా చేత ఐదు గుంటలూ మళ్లీ పూడ్పించింది, మిగిలిన నారు కూడా నా చేతే నాటించింది.

*

నాటకుండా మొలిచేవి వేరే లెక్క. గుంటలో పడ్డ విత్తనం ఏదో ఒకటి, ఎవరూ అడక్కుండానే తల ఎత్తేది. టమాటా మొలకలు గుంపులుగా వచ్చేవి. కన్నున్న బంగాళాదుంప చెక్కు కాస్త మందంగా తీస్తే చాలు, అదీ మొలిచేది. ఒక ఏడాది గుమ్మడి పాదు ఒకటి లేచి, గోడ ఎక్కి, స్నానాలగది రేకు మీద ఏడు కాయలు కాసింది. పడి మొలిచిన గుమ్మడి, సొర లాంటివి వండే ముందు అమ్మమ్మ చిన్న ముక్క కోసి నాలుక చివర పెట్టుకునేది. ఏ పువ్వు పుప్పొడి దేనికి అంటిందో ఎవరికి తెలుసు, ఒక్కోసారి చేదుకాయలు వస్తాయి. చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం మళ్లీ గుంటలోకే. ఆ చేదు కడుపుకి మంచిది కాదు, వండినా పోదు. ఆ ఏడు కాయల్లో ఒక్కటీ చేదు లేదు. నాకు గుర్తున్నంతలో ఆ కాలమంతా గుమ్మడికాయే తిన్నాం.

*

ఉద్యోగంలో చేరాక మొదటి అద్దె ఇంట్లో వెనక కాస్త మట్టి దొరికింది. అమ్మమ్మ మనవరాలిని, నాకు రాకపోవడమేమిటని మొదలుపెట్టాను. అప్పుడే పక్కన వడ్రంగి పని జరుగుతోంది. బస్తాలకొద్దీ రంపపు పొట్టు ఊరికే ఇస్తామన్నారు. గుంటలో తొక్కలు పిడికెడైతే పొట్టు బస్తాడు వేశాను, ఎక్కువ వేస్తే ఎక్కువ ఎరువు అనుకుని. నెల తిరిగేసరికి పైన వేసిన మొక్కలు పసుపుపచ్చగా పాలిపోయాయి. బలం చాల్లేదనుకుని ఇంకో బస్తా వేశాను.

ఫోన్లో చెబితే అమ్మమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కూలీలకి కొండంత పని చెప్పి తిండి పెట్టకపోతే ఏం చేస్తారే? మొక్క కంచంలోది లాక్కు తింటారు" అంది.

సరిగ్గా అదే జరిగింది. చివికించే సూక్ష్మజీవులకి కర్బనం ఒక్కటే చాలదు, నత్రజని కూడా కావాలి. ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉంటే వాటికి హాయి. వంటింటి తొక్కల్లో కర్బనం అంతకంటే తక్కువే ఉంటుంది, అందుకే త్వరగా చివుకుతాయి. రంపపు పొట్టులో అది వందల వంతులు. కావలసిన నత్రజనిని అవి మట్టిలోంచి, అంటే మొక్క నోటి దగ్గరనుంచి లాక్కుంటాయి. పొట్టు చివికాక తిరిగి ఇస్తాయి గానీ, అప్పటిదాకా మొక్క ఉండొద్దూ? ఆ పంట పోయింది. ఇవన్నీ అంకెలతో సహా చదివి ఆవిడకి చెబితే, "నేను చెప్పిందే కదా, ఇంగ్లీషులో రాశారు" అని నవ్వింది.

*

ఆఖరి రోజుల్లో అమ్మమ్మ గునపం ఎత్తలేకపోయింది. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది, వెళ్లినప్పుడల్లా నేను తవ్వేదాన్ని. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు చాలు, అని పైనుంచి చెప్పేది. నరికే చప్పుడు సరిగ్గా లేదని వంక పెట్టేది. చీకటి పడేదాకా అక్కడే ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని.

అలా ఒకరోజు డార్విన్ సంగతి చెప్పాను. కోతినుంచి మనిషి అన్నాయనేగా అంది. ఆయనే, కానీ చివరి రోజుల్లో వానపాముల మీద పడ్డాడు, 1881లో వాటి మీదే పుస్తకం వేశాడు, ఆ మరుసటి ఏడు పోయాడు అన్నాను. కుండీల్లో వానపాముల్ని పెట్టుకుని వాటికి పియానో వినిపించాడట. బసూన్ అని పెద్ద గొట్టం వాయిద్యం, అదీ ఊదించాడట. అవి కదల్లేదు. ఆ కుండీల్ని తెచ్చి పియానో మీదే పెట్టి ఒక మెట్టు నొక్కితే మాత్రం అదురుకి చటుక్కున బొరియల్లోకి దూరాయట.

"చెవుల్లేని వాటికి కచేరీ ఏమిటి, పాపం" అంది అమ్మమ్మ.

మట్టిలో క్యాబేజీ ముక్కలూ ఉల్లిపాయ ముక్కలూ పూడ్చిపెడితే వెతుక్కుంటూ వచ్చి తిన్నాయని చదివేసరికి కుర్చీలో ముందుకి వంగింది. "ఉల్లిపాయా? ఘాటు పడదని నేను ఇన్నేళ్లూ ఉల్లిపొట్టు ఒక వారకి తోసేశానే!" అంది. వండి దాచుకుని చుట్టాలకి పెట్టనట్టు బాధపడింది. మర్నాడు ఉల్లిపొట్టు గుంట మధ్యలో వేయించింది.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. అది నాకు మొన్న చెంచాలు చూశాకే మళ్లీ గుర్తొచ్చింది. 1842లో ఒక పొలంలో సుద్దముక్కలు చల్లించి, 29 ఏళ్ల తర్వాత కందకం తవ్వించి చూస్తే, ఆ సుద్ద 7 అంగుళాల కింద గీత గీసినట్టు కనిపించిందట. ఎవరూ పూడ్చలేదు. వానపాములు కిందిమట్టి తిని పైన విసర్జిస్తూ పోతే పైనున్నది దానంతటదే కిందికి దిగింది.

ఇల్లు కొన్నాయన ఇచ్చిన ఐదు చెంచాల్లో ఒకటి చిన్నది. నిమ్మచెట్టు మొదట్లో, జానెడు లోతున దొరికిందన్నాడు. నిమ్మచెట్టు మొదట్లో అమ్మమ్మ ఎప్పుడూ గుంట తియ్యలేదు, వేళ్లు తెగుతాయని. ఆ చెంచా అక్కడికెలా వచ్చిందో నాకు తెలుసు. దగ్గుమందు తాగమని పంపితే తమ్ముడు ఆ చెట్టు కింద ఒంపేసి, చెంచా కూడా అక్కడే పడేసి వచ్చేవాడు. దాని కోసం రెండు రోజులు ఇల్లంతా వెతికాం. వాడు నాకంటే ముందు వెతికాడు. ఫొటో తీసి వాడికి పంపాను. ఇంతవరకూ జవాబు లేదు.

*

ఆవిడ పోయాక ఇల్లు రెండేళ్లు తాళం వేసి ఉంది, తర్వాత అమ్మేశాం. తాళాలు ఇచ్చిన రోజు పెరట్లో గొడుగు ఊచ అలాగే ఉంది. దాన్ని తీయాలనిపించలేదు. ఆదివారం ఆయన వెళ్లబోతుంటే అడిగాను, అక్కడ ఒక ఇనప ఊచ ఉండాలి కదా అని.

"పిల్లలకి గుచ్చుకుంటుందని వచ్చిన వారంలోనే తీసేశామండీ. కావాలా?"

వద్దన్నాను. తీయడమే మంచిది, ఆ ఊచ నా కాలికి కూడా గుచ్చుకుంది ఒకసారి.

చెంచాలు కడిగాను. స్టీలువి కాబట్టి గీతలు పడ్డాయి తప్ప ఏమీ కాలేదు. చాకు సగం తుప్పు, చెక్క పిడి ఆనవాలు లేదు. అది మట్టిదైపోయింది.

ఇప్పుడు నాకున్నది వంటింటి కిటికీ కింద చాప వెడల్పు మట్టి. ఊచ పెట్టే అవసరం లేదు, మొత్తం ఏడెనిమిది గుంటల చోటే. పైన ఒక బండరాయి పెడతాను, కుక్కల కోసం. చెత్త కూడా మారిపోయింది. పళ్ల మీద అంటించే చిన్న స్టిక్కర్లు ఎన్ని నెలలైనా కొత్తగా మెరుస్తూ బయటికొస్తాయి. టీ బ్యాగులు చివికినా వాటి సన్నటి జల్లెడ మాత్రం సాలెగూడులా మిగిలిపోతుంది, అన్నీ కాదు, కొన్ని. వాటిని ఏరడానికే ఓ పది నిమిషాలు. అమ్మమ్మ గుంటల్లో ఏరాల్సిందల్లా చెంచాలే.

నిన్న రాత్రి వంటిల్లు సర్దుతూ ఎందుకో కత్తులు లెక్కపెట్టాను. మూడుండాలి. రెండే ఉన్నాయి. సింకులో చూశాను, ఫ్రిజ్ పైన చూశాను. తర్వాత టార్చి తీసుకుని కిటికీ కిందికి వెళ్లి రాయి పక్కకి దొర్లించాను.